నేను సబ్బు విసిరిన ఆటగాడి ఊరికి

అమెరికాలో ఆర్కెన్సా రాష్ట్రాన్ని చూద్దామని మనవాళ్లెవరూ వెళ్లరు. అక్కడ ఉద్యోగమో చుట్టాలో ఉంటే వెళ్తారు. నేను మాత్రం ఒక మనిషికి క్షమాపణ చెప్పుకోడానికి వెళ్లాను. ఆ పని ఎంత అధ్వానంగా చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జెర్సీ సిటీ: బురద ఫోటో

2013 వసంతకాలం. మా పెద్దమ్మ కొడుకు రమణ అన్నయ్య ఆర్కెన్సాలోని బెంటన్‌విల్‌లో ఐటీ కాంట్రాక్టర్. ఆయన కూతురు సాహితికి పదిహేనేళ్లు. ఒకరోజు ఆఫీస్‌కి రైల్లో వెళ్తుంటే సాహితి నుంచి ఫోటో వచ్చింది. తలనుంచి కాళ్లదాకా బురద, చంకలో గుడ్డు ఆకారంలో బంతి, పక్కన నెరిసిన జుట్టుతో ఒక పొడుగాటాయన. కింద రాసింది: "బాబాయ్, నేను రగ్బీ ఆడుతున్నా. మా కోచ్ ఆస్ట్రేలియా. పేరు డెస్ హార్డిమన్. నువ్వు అక్కడే చదివావు కదా, తెలుసా?"

తెలియకపోవడమేమిటి! ఆయన మీద నేను సబ్బు విసిరాను.

పదకొండేళ్ల కిందట నేను బ్రిస్బేన్‌లో ఎమ్మెస్ చేసేవాణ్ణి. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగనివాణ్ణి రగ్బీకి లాక్కెళ్లింది డెస్ హార్డిమన్ ఆటే. ఆయన ఫుల్‌బ్యాక్, పదిహేనో నంబరు చొక్కా. జట్టంతా ముందు కుమ్ముకుంటుంటే ఫుల్‌బ్యాక్ ఒక్కడే అందరికంటే వెనక నిలబడతాడు. ఎదుటివాళ్లు బంతిని మేఘాల్లోకి తంతారు. వాళ్లు తనమీదికి పరిగెత్తుకొస్తుంటే ఆయన మాత్రం ఆకాశంకేసి చూస్తూ ఆ బంతి పట్టుకోవాలి. వదిలేస్తే అందుకోడానికి వెనక ఇంకెవరూ ఉండరు. తొమ్మిదేళ్లు దేశం తరఫున ఆ పని చేశాడాయన. అరటితోటల రైతు కొడుకు, తక్కువ మాట్లాడతాడు. ఓసారి తనకంటే రెట్టింపు ఉన్నవాణ్ణి గీతకు మూరెడు దూరంలో కాళ్లు పట్టి పడేశాడు. అప్పుడు నేను చేతిలో ఉన్న మాంసం కూరిన రొట్టెని ముందువరసలో ఒకాయన టోపీ మీద పడేసి కూడా అరుస్తూనే ఉన్నాను.

తర్వాత ఆ మ్యాచ్ వచ్చింది. సముద్రం అవతలి పొరుగు దేశంతో ఆట. ఇంకో నిమిషం గడిస్తే గెలుపు మాదే. బంతి పైకి లేచింది. "నాది" అని ఆయన వేసిన కేక గోల్ వెనక కూర్చున్న మాకు కూడా వినపడింది. బంతి చేతుల్లో పడింది, జారింది. ఎదుటివాడు ఎత్తుకుని గీత దాటేశాడు. మ్యాచ్ పోయింది.

తెల్లారేసరికి పత్రికలు ఆయనకు "సబ్బు" అని పేరు పెట్టేశాయి. తొమ్మిదేళ్ల ఆట ఆ రెండక్షరాల కింద పడి నలిగిపోయింది. రెండు వారాల తర్వాత బ్రిస్బేన్‌లో మ్యాచ్‌కి జనం సబ్బులు కొనుక్కుని వచ్చి ఆయన మీద విసిరారు. నేనూ విసిరాను. కాకపోతే కొత్త సబ్బు కొనడానికి మనసొప్పక, ఎప్పుడో మోటెల్ నుంచి తెచ్చి పెట్టెలో దాచుకున్న బుల్లి సబ్బు కాగితంతో సహా విసిరాను. అది ఆయన భుజానికి తగిలింది. వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది, వంగి దాన్ని ఏరుకున్నాడు. ఆ ఏడాదే ఆయన ఆట మానేశాడు. ఆ వంగిన వీపు మాత్రం నన్ను వదల్లేదు. సాహితి ఫోటో చూసిన ఆ రైల్లోనే సెలవుకి మెయిల్ పెట్టాను.

కమ్మింగ్: ఆవకాయ బాధ్యత

నేరుగా వెళ్లక జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఎందుకు దిగానంటే, రమణ అన్నయ్య భార్య లక్ష్మి వదిన హుకుం. ఆవిడ చెల్లెలు పద్మ అక్కడ ఉంటుంది, ఆవకాయ జాడీ పట్టుకురావాలి. వదిన వాళ్లది కరీంనగర్, మాది తెనాలి. రెండిళ్ల ఆవకాయల్లో ఏది గొప్పదన్న గొడవ పెళ్లినాటి నుంచీ నడుస్తూనే ఉంది.

కమ్మింగ్‌లో అద్దె కారుతో వీధుల్లోకి వెళ్లగానే నాకు అమెరికా దాటి వచ్చేశానేమో అనిపించింది. ఒకే అచ్చులో పోసిన ఇళ్లు, గరాజ్‌ల ముందు ముగ్గులు. జెర్సీ సిటీలో ఎనిమిది డాలర్లు పెట్టినా దొరకని మెత్తటి ఇడ్లీ పద్మ ఊరికే పెట్టింది, అదీ అల్లప్పచ్చడితో.

"అక్కకు ఫోన్ చేసిన. సాహితి ఇగ ఆటకు పోనంటున్నదంట," అంది పద్మ జాడీకి గుడ్డ కడుతూ.

"ఎందుకు?"

"పోయిన శనివారం బాల్ ఇడిసిపెట్టిందంట. గెలిచే మ్యాచ్ ఓడిపోయిన్రు. పిల్ల రూమ్‌ల తలుపేసుకున్నది. మా అక్కయితే మంచిదే అయిందంటున్నది. ఎముకలు ఇరగ్గొట్టుకునే ఆట ఆడపిల్లకెందుకు అని."

సాహితి ఏ స్థానంలో ఆడుతుందని అడిగాను. ఫుల్‌బ్యాక్ అట. నోట్లో పెట్టుకోబోయిన ఇడ్లీ ముక్క మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

మిసిసిపి దాటాక: డార్లీన్ సలహా

జాడీని ముందు సీటులో పెట్టి బెల్టు కూడా కట్టాను. అలబామా దాటేలోపే నూనె కారి అద్దె కారు సీటుని ఎర్రగా చేసింది. ఇక దారిపొడుగునా ఆ కారు తెలుగు కారే.

పెద్ద నది దాటి ఆర్కెన్సాలో అడుగుపెట్టాక మనుషుల తీరు మారింది. ఎదురొచ్చే ట్రక్కులవాళ్లు స్టీరింగ్ మీదనుంచి ఒక వేలెత్తి పలకరిస్తారు. జెర్సీ సిటీలో కూడా వేలెత్తుతారు గానీ పలకరించడానికి కాదు. మధ్యాహ్నం రోడ్డుపక్క హోటల్లో ఆగాను. వేయించిన చేప, పక్కన మొక్కజొన్నపిండి పట్టించిన బెండకాయ వేపుడు, పంచదార పాకంలా చల్లటి టీ, అన్నీ కలిపి తొమ్మిది డాలర్లు. ఆ బెండకాయ వేపుడు మా అమ్మ రుచి చూసి ఉంటే అన్నం ఏదని అడిగేది.

వడ్డించిన ఆవిడ పేరు డార్లీన్, అరవై దాటి ఉంటాయి. ఎక్కడికి, ఎందుకు అని వరసపెట్టి అడిగింది, మన బస్సుల్లో పక్కసీటువాళ్లు అడిగినట్టే. క్షమాపణ చెప్పడానికి వెళ్తున్నానన్నాను.

"అయితే కనపడగానే చెప్పేయ్, హనీ," అంది. "కాసేపు ఆగి చెబుదామనుకున్నావో, కబుర్లలో పడతావు, తిండి వస్తుంది. ఇక ఆ మాట గొంతు దాటదు."

సరేనన్నాను. బెంటన్‌విల్ దాకా ఆ మాట అద్దంలో చూస్తూ అభ్యాసం చేశాను.

బెంటన్‌విల్, గురువారం: నేను కాదు

బెంటన్‌విల్ చిన్న ఊరు. పెద్ద దుకాణాల కంపెనీ ఒకటి అక్కడ పుట్టి పెరగడంతో ప్రపంచమంతా వచ్చి చేరింది. కారు లేకపోతే పాలప్యాకెట్ కూడా రాదు. డెస్ హార్డిమన్ పగలు మొక్కల నర్సరీలో పనిచేస్తాడని, సాయంత్రాలు ఆడపిల్లల జట్టుకి జీతం లేకుండా నేర్పుతాడని అన్నయ్య చెప్పాడు. ఆయన భార్యది ఈ ఊరేనట. ఊళ్లో ఎవరికీ ఆయన గతం తెలియదు. "మంచాయన రా, ఏదో ఆడి ఉంటాడు," అన్నాడు అన్నయ్య.

వదినకి టమాటా నారు కొనే మిషతో నర్సరీకి వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని కుండీల్లో మట్టి నింపుతున్నాడు. అవే భుజాలు. చేతులు మాత్రం అప్పటికంటే పెద్దవిగా కనిపించాయి.

"మీరు ఫుల్‌బ్యాక్ డెస్ హార్డిమన్ కదండీ? నేను బ్రిస్బేన్‌లో మీ ఆటలు చూశాను," అన్నాను.

మట్టి తీస్తున్న చెయ్యి ఆగింది. నవ్వుతూనే అన్నాడు, "కాదు మిత్రమా. ఆ పేరుగలవాళ్లు మా దేశంలో చాలామంది. టమాటా నారుకి పొద్దున ఎండ తగలాలి, గుర్తుంచుకో."

డార్లీన్ చెప్పినట్టు అప్పుడే చెప్పేయాల్సింది. నేను నారుకి నాలుగు డాలర్లిచ్చి, థాంక్స్ చెప్పి, కారెక్కాను. అంత దూరం వచ్చిందీ టమాటా మొక్కకి.

రాత్రి భోజనాల దగ్గర అంతకంటే ఘనకార్యం చేశాను. సాహితి పప్పన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఎల్లుండి లాస్ట్ మ్యాచ్. నేను గో చేయను బాబాయ్," అంది. "అందరూ నైస్‌గా ఉన్నారు. అదే వర్స్ట్. ఎవరూ ఏం అనట్లేదు."

ఆ పిల్ల మొహం చూసి మనసాగలేదు. ఆవకాయ ముద్ద చేతిలో పట్టుకుని మొత్తం చెప్పేశాను. మీ కోచ్ ఎంత గొప్పవాడో తెలుసా, ఆయన కూడా ఇలాగే బంతి వదిలాడు తెలుసా, దేశమంతా తిట్టింది తెలుసా. నా సబ్బు సంగతి తప్ప అన్నీ చెప్పాను.

వదిన ఎడమచేత్తో ఫోన్ తీసింది. నిమిషంలో వీడియో దొరికింది, ఆటల్లో నవ్వులాట తప్పులన్నీ కలిపి ఎవరో గుదిగుచ్చింది. పైన గొల్లున నవ్వే చప్పుడు కూడా చేర్చారు. వదిన ముందు నవ్వింది. తర్వాత ఫోన్ బోర్లా పెట్టింది.

"ఇగో ప్రసాద్, నిజం చెప్పు. బాల్ పట్టుకొనుడే రానాయన మా పిల్లకు బాల్ పట్టుకొనుడు నేర్పిస్తుండా? పిల్ల ఎందుకు ఇడిసిపెట్టిందో ఇప్పుడు సమజైంది."

"అది కాదు వదినా, తొమ్మిదేళ్లు..."

"తొమ్మిదేండ్లు ఏడ గనవడ్తలేవు గీ వీడియోల. రేపు నేనే పోయి పిల్లను మాన్పిస్తున్న అని చెప్పొస్తా."

సాహితి అప్పటికే ఆ వీడియోని జట్టు పిల్లలందరికీ పంపేసింది. ఆ పిల్ల చెడ్డ మనసుతో పంపలేదు, "కోచ్ కూడా మనలాగే" అని రాసి పంపింది. కానీ ఫోన్లు ఇల్లిల్లూ తిరిగాయి, తల్లిదండ్రుల దాకా వెళ్లాయి. ప్రపంచంలో ఆ మనిషిని "సబ్బు" అనని ఊరు ఒక్కటుంటే, ఆ ఊరికి పనిగట్టుకుని ఆ పేరు మోసుకొచ్చింది నేను. మొదట విసిరిన సబ్బు చాలనట్టు ఇది రెండోది. ఆ పూట నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

శుక్రవారం: ట్రక్కు వెనక తలుపు మీద

ప్రాక్టీస్ ఒక చర్చి వెనక మైదానంలో. వదిన డ్రైవ్ చేసింది, పక్కన నేను, వెనక సాహితి. అక్కడ ఇరవైమంది ఆడపిల్లలు గుంపుగా నిలబడి గుసగుసలాడుతున్నారు. నలుగురైదుగురు తల్లిదండ్రులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. డెస్ ట్రక్కు దిగాడు. గుసగుసలు ఆగాయి. ఆయన అందరి మొహాలూ చూశాడు, చివర్న నా మొహం చూశాడు. నేను వదిన వెనక్కి జరిగాను.

"సరే. ఎవరి దగ్గరుంది అది?" అన్నాడు.

సాహితి వెళ్లి ఫోన్ ఇచ్చింది. ఆయన ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. గొల్లున నవ్వే చప్పుడు మైదానమంతా వినపడింది. తర్వాత ఆయన, "చప్పుడు తీసెయ్యడం ఎలా?" అని అడిగాడు. సాహితి తీసేసింది. ఇంకోసారి చూశాడు, మళ్లీ ఇంకోసారి.

"పదకొండేళ్లలో ఇది చూడటం ఇదే మొదటిసారి," అన్నాడు. "దగ్గరికి రండి. నా తప్పు ఎక్కడుందో చెప్పండి."

పిల్లలు మూగారు. పెద్దవాళ్లం కూడా మెడలు చాచాం. బంతి జారడం చూపించి, అక్కడ, అంది ఒక పిల్ల.

"కాదు. బంతి జారుతుంది. వానపడితే జారుతుంది, ఎండ కళ్లలో పడితే జారుతుంది, ఊరికే కూడా జారుతుంది. తర్వాత చూడండి."

తర్వాత తెరమీద ఏముందో నేను వందసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ గమనించలేదు. బంతి నేలమీద ఆయనకి రెండడుగుల దూరంలో పడి ఉంది. ఎదుటివాడు ఇంకా పది అడుగుల దూరంలో ఉన్నాడు. డెస్ మాత్రం రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నిలబడిపోయాడు.

"దానిమీద పడి ఉంటే వాళ్లకి పాయింట్లు వచ్చేవి కావు. రెఫరీ ఈల వేసేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. నేను నిలబడి సిగ్గుపడుతున్నాను. ఆటలో సిగ్గుపడటానికి టైమ్ లేదు. అందరూ జారిన బంతిని చూసి నవ్వారు. నాకు నిద్రపట్టనివ్వనిది ఈ నిలబడటం."

ఫోన్ సాహితికి ఇచ్చేశాడు. "నువ్వు పోయిన వారం వదిలాక ఏం చేశావు?"

సాహితి మెల్లిగా రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని చూపించింది.

"మనిద్దరికీ ఒకే జబ్బు. పద," అన్నాడాయన.

ఆ సాయంత్రమంతా పట్టుకోవడం నేర్పలేదు, వదలడం నేర్పాడు. కావాలని వదలాలి, వెంటనే దానిమీద పడాలి. నలభై నాలుగేళ్ల మనిషి ముందు తను పడి చూపించాడు. వదిన చేతులు కట్టుకుని చూస్తూనే ఉంది. పిల్లని మాన్పిస్తానని చెప్పడానికి వచ్చినావిడ ఆ మాట ఎత్తలేదు. కారెక్కాక అడిగింది, "రేపు ఎంతమంది వస్తరే అవతలి జట్టోళ్లు?" అని సాహితిని.

నేను ఆ రోజు కూడా ఆయన దగ్గరికి వెళ్లలేదు. రెండు తప్పులకి కలిపి ఒక్క సారీ సరిపోతుందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

శనివారం: పులిహోర

రగ్బీలో నాకు మొదటినుంచీ నచ్చే పద్ధతులు రెండు. ఎంత మొరటుగా ఆడినా రెఫరీతో ఎవరూ వాదించరు, సర్ అంటారు. మన ఊళ్లో క్రికెట్ అయితే వీధంతా అంపైర్లే. రెండోది, ఆట అయ్యాక సొంత ఊరి జట్టు ఎదుటి జట్టుకి భోజనం పెట్టాలి. అప్పటిదాకా ఎవరి పక్కటెముకలు కుమ్మామో వాళ్ల పక్కనే కూర్చుని తినాలి.

వదిన పొద్దున్నే లేచి నలభైమందికి పులిహోర కలిపింది. అల్యూమినియం ట్రేలు నా ఒళ్లో పెట్టుకుని మైదానానికి వెళ్లాం.

ఆట గురించి పెద్దగా చెప్పను. మావాళ్లు ఓడారు. కానీ రెండో సగం చివర్లో బంతి ఒకటి చాలా ఎత్తుకి లేచింది. కింద సాహితి ఒక్కతే ఉంది. "మైన్!" అని అరిచింది. నా పక్కన వదిన నా చెయ్యి గిల్లేసింది. బంతి సాహితి ఛాతీకి తగిలి జారింది.

"పడు! దానిమీద పడవే!" వదిన కేక పక్క కౌంటీ దాకా వినపడి ఉంటుంది.

సాహితి పడింది. ఆమె మీద అవతలి జట్టు పిల్లలు ముగ్గురు పడ్డారు. ఈల మోగింది. అందరూ లేచాక అడుగునుంచి సాహితి లేచింది, బంతి పొట్టకి అదుముకుని ఉంది, ముక్కునిండా బురద. అవతలి గీతదగ్గర డెస్ రెండు చేతులూ పైకెత్తి గంతేశాడు. వదిన ఏడుస్తోంది. ఎందుకేడుస్తున్నావంటే, "నీకు తెల్వది, ఊకో," అంది.

భోజనాల దగ్గర అవతలి జట్టు పిల్ల తండ్రి ఒకాయన, యాసని బట్టి ఆనాడు మమ్మల్ని ఓడించిన ఆ పొరుగు దేశంవాడే, పళ్లెం పట్టుకుని డెస్‌నే చూస్తున్నాడు. మెల్లిగా దగ్గరికొచ్చాడు.

"నువ్వు హార్డిమన్ కదూ? ఆ... సబ్బు?"

రెండు రోజుల కిందట నాతో కాదన్న మనిషి. సాహితి ఆయనవైపే చూస్తోంది.

"అవును, నేనే," అన్నాడు డెస్. అని కూర్చోమని చోటిచ్చాడు. "నిజం చెప్పాలంటే ఆ ఏడాది మా ఇంట్లో సబ్బు కొనలేదు. జనం విసిరినవన్నీ బక్కెట్‌లో ఏరుకుని తీసుకెళ్లాను. అన్నీ పెద్దపెద్ద సబ్బులే. ఒక్కడు మాత్రం ఇంతే ఉన్న బుల్లి మోటెల్ సబ్బు విసిరాడు, కాగితం కూడా విప్పలేదు. దేశమంతా తిడుతున్నా నాకు ఒకటే ఆలోచన, అంత పిసినారి ఎవడై ఉంటాడా అని."

అందరూ విరగబడి నవ్వారు. వదిన అందరికంటే గట్టిగా నవ్వింది. నా పళ్లెంలో పులిహోర అలాగే ఉంది. తిండి వచ్చేసింది, కబుర్లూ వచ్చేశాయి, డార్లీన్ చెప్పినట్టే మాట గొంతులో అడ్డం పడి ఉంది. సాహితిని చూశాను. ఆ ముక్కు మీద బురద ఇంకా ఆరలేదు. పళ్లెం గడ్డిమీద పెట్టి, క్లాసులో పిల్లాడిలా చెయ్యెత్తాను.

"నేనే," అన్నాను.

వదిన నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"సబ్బు విసిరింది నేనే. మొన్న నోరు జారిందీ నేనే. సారీ, డెస్. పదకొండేళ్ల కిందటే చెప్పాల్సింది."

ఆయన కళ్లజోడు తీసి పెట్టుకుని నన్ను చూశాడు.

"కాగితం మీద తాటిచెట్టు బొమ్మ," అన్నాడు.

"అవును. ఆకుపచ్చ రంగు."

"మంచి వాసనొచ్చే సబ్బు," అన్నాడు. గడ్డిమీంచి నా పళ్లెం తీసి, ఇంకో గరిటెడు పులిహోర వేసి, నా చేతికిచ్చాడు.